మలుపులోకి తెరుచుకునే తలుపు

సోమవారం ఉదయం పెద్దసారు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే లెక్కలక్క వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. రోజూ ఆమె చేతిలో ఉండే అట్ట ఫైలు లేదు. దాని బదులు కొత్తగా కుట్టిన నీలం గుడ్డ సంచి ఉంది, మూతికి రెండు బొత్తాలతో. పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది.

"లోపలికి రావచ్చా సార్?"

"ఇన్నేళ్ళలో ఎప్పుడైనా అడిగావా, ఇవాళ కొత్తగా అడగడానికి? రా."

వచ్చింది కానీ కూర్చోలేదు. బొత్తాలు విప్పి, కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టి, అంచులు సరిచేసింది. "సంచి మా ఆయన కుట్టాడండి. వానకి తడవకూడదని లోపల మైనం గుడ్డ కూడా వేశాడు" అంది, ఎవరో తప్పు పట్టినట్టు సంజాయిషీగా. ఆమె భర్తకు రెండు వీధుల అవతల కుట్టు దుకాణం ఉంది.

పై కాగితం మీద పెద్ద అచ్చక్షరాలున్నాయి. 'గణితజ్ఞుల మండలి. అనుభవ మార్గంలో నమోదుకు దరఖాస్తు.'

ఆ ఆఫీసులో జరిగే పని ఒక్కటే. పెద్ద భవనం ఏది కట్టినా, జనం అందులో అడుగు పెట్టకముందే, నిప్పంటుకుంటే అందరూ మెట్ల మీదుగా ఎన్ని నిమిషాల్లో బయటపడగలరో లెక్కకట్టి రాసివ్వాలి. ఆ రిపోర్టు కింద మండలిలో నమోదైన గణితజ్ఞుడి సంతకం, నంబరు ఉన్న ముద్ర పడితేనే ఆసుపత్రయినా బడయినా తలుపులు తెరుస్తారు. ఆ ఆఫీసు మొత్తానికి అలాంటి నంబరు ఉన్నది పెద్దసారు ఒక్కడికే. మెట్లెక్కి దిగేదీ, టేపు పట్టేదీ, నొక్కితే ఒక అంకె పెరిగే చిన్న కౌంటరు పట్టుకుని మనుషుల్ని లెక్కపెట్టేదీ, ఆ అంకెలన్నీ కూర్చి రిపోర్టు రాసేదీ మాత్రం లెక్కలక్క. హాజరు పట్టీలో ఆమె పేరు పక్కన ఇప్పటికీ 'టైపిస్టు' అనే ఉంటుంది. టైపు మిషన్లు ఆఫీసు వదిలి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. లెక్కలక్క అని పేరు పెట్టింది ప్లాన్లు గీసే గీతల బాబాయి.

డిగ్రీ లేనివాళ్ళకు కూడా మండలి ఈ ఏడే ఒక దారి తెరిచింది. పదేళ్ళు పని చేసినవాళ్ళు, తాము సొంతంగా చేసిన ఐదు పనులు చూపించాలి. నమోదైన ఒకరు అది నిజమని రాసివ్వాలి. తర్వాత ఇంటర్వ్యూ.

పెద్దసారు జాబితా మీద వేలు పెట్టి చదివాడు. ఒక బడి. ఒక ఆసుపత్రి. గ్రంథాలయం. బస్టాండు పైఅంతస్తు. నాలుగు వాటాల దుకాణాల భవనం. వేలు చివరి వరుస దగ్గర ఆగింది. పెద్ద సభా మందిరం పని అందులో లేదు.

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు. ఆ నిట్టూర్పు తనకే వినపడి సిగ్గేసింది.

సభా మందిరం మెట్ల మీద చేసిన పని నుంచే 'ముప్పాతిక సూత్రం' పుట్టింది. తిన్నగా ఉన్న మెట్ల మీద నిమిషానికి ఎంతమంది దిగితే, మలుపు దగ్గర అందులో ముప్పాతిక మందే దిగుతారు. ఒక్క వాక్యం. ఆ వాక్యం పెద్దసారు పేరుతో మండలి మార్గదర్శి పుస్తకంలో అచ్చయింది. ఆయన మెడలో దండ వేసిన ఫొటో వెనక గోడకు ఉంది. ఆ మెట్ల మీద పదకొండు రోజులు నిలబడింది మాత్రం ఎదురుగా ఉన్న ఈ మనిషి. తన పరువు కాపాడటానికే ఆ పనిని వదిలేసిందనుకున్నాడు.

"ఈ ఐదూ చాలా?" అన్నాడు.

"చాలండి. ఈ ఐదిటికీ నేను పూచీ పడగలను."

చివరి పేజీలో ఆయన సంతకం చేయాల్సిన చోటు పైన, 'పై పనులను దరఖాస్తుదారు స్వయంగా, స్వతంత్రంగా చేశారు' అని అచ్చులో ఉంది. ఆయన కలం మూత తీసి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. ఆమె స్వతంత్రంగా చేస్తే మరి నేను చేసిందేమిటి అని రేపు ఎవరైనా అడిగితే? ఆ ఆలోచన రాగానే చెయ్యి దానంతటదే కదిలింది. 'స్వయంగా' అన్న మాట ముందు ఒక గుర్తు పెట్టి, పైన సన్నటి అక్షరాలతో 'నా మార్గదర్శకత్వంలో' అని ఇరికించాడు. కింద సంతకం చేసి, ముద్ర వేశాడు.

లెక్కలక్క అవతలి వైపు నుంచి ఆ రెండు మాటల్నీ తలకిందులుగానే చదివింది. చదివినట్టు ఆమె కనుబొమలు చెప్పాయి. సిరా ఆరేదాకా ఆగి, కాగితాలు సంచిలో పెట్టి, బొత్తాలు రెండూ వేసింది.

"వస్తానండి. మధ్యాహ్నం గ్రంథాలయం మెట్ల దగ్గరికి వెళ్ళాలి, రెయిలింగు మార్చారట."

*

బుధవారం పదింటికి ఇంటర్వ్యూ. రాసిచ్చినవాళ్ళు వెనక కుర్చీలో కూర్చోవచ్చు, అడిగితే తప్ప మాట్లాడకూడదు. పెద్దసారు ఆ గది ఎరిగినవాడే. మండలి సమావేశాలకు ఎన్నోసార్లు ముందు వరుసలో కూర్చున్నాడు. ఇవాళ వెనక కూర్చుంటే గది కొత్తగా కనిపించింది. లెక్కలక్క వీపు కనిపిస్తోంది. ఇస్త్రీ మడతలు ఇంకా చెదరలేదు. ఎడమ చేతి బొటనవేలు చూపుడువేలి పక్కన ఊరికే కదులుతోంది, కౌంటరు నొక్కుతున్నట్టు.

ఎదురుగా మండలి అధ్యక్షురాలు, ఒక ప్రొఫెసరు, రాసుకోవడానికి ఒక గుమస్తా.

"మీ పనులు శుభ్రంగా ఉన్నాయమ్మా" అన్నాడు ప్రొఫెసరు. "కానీ అన్నీ ఉన్న పద్ధతులతో చేసినవే. మీ అంతట మీరు ఆలోచించి తేల్చిందేమైనా ఉందా?"

లెక్కలక్క తన కాగితాల వైపు చూపించింది. "ఈ ఐదిటి గురించి అడగండి సార్."

అధ్యక్షురాలు చివరి పేజీ తిప్పి కళ్ళజోడు సవరించుకుంది. "ఇక్కడ 'నా మార్గదర్శకత్వంలో' అని మీ సారు చేత్తో రాశారు. అంటే నిర్ణయాలు ఆయనవేనా, మీవా?"

అంటూ ఒకసారి వెనక కుర్చీ వైపు చూసింది. పెద్దసారు లేచి 'నావి కావండి' అంటే సరిపోయేది. ఆయన జేబులో కలం మూత సరిగ్గా పట్టిందో లేదో చూసుకున్నాడు.

"సంతకం సార్‌దేనండి" అంది లెక్కలక్క.

ప్రొఫెసరు మార్గదర్శి పుస్తకం దగ్గరికి లాక్కున్నాడు. "పోనీ, మీ సారు సూత్రమే అడుగుతాను, ఇంట్లో పాఠమే కదా. తిన్నని మెట్ల మీద నిమిషానికి అరవైమంది దిగుతున్నారు. మలుపులో ఎంతమంది?"

"అక్కడ తలుపు ఉందాండి?"

"ఏ తలుపు?"

"మలుపులోకి తెరుచుకునే తలుపండి. పైనుంచి దిగేవాళ్ళలోకి ఆ అంతస్తు వాళ్ళు కూడా వచ్చి కలిసే చోటు. తలుపు లేకపోతే నలభై అయిదు. ఉంటే ముప్పై ఆరు."

"పుస్తకంలో తలుపు ఊసే లేదమ్మా. ఏ మలుపైనా ముప్పాతికే."

"అవునండి, అలాగే ఉంది."

"మరి?"

"అక్కడ నిలబడి లెక్కపెడితే ముప్పై ఆరే వస్తుందండి."

ప్రొఫెసరు నవ్వాడు. వెక్కిరింత కాదు, జాలి. "సూత్రం రాసినాయన మీ వెనకే ఉన్నారు. ఆయన్నే అడుగుదాం. ఏమంటారు సార్?"

తలలన్నీ తిరిగాయి. లెక్కలక్క తల మాత్రం తిరగలేదు. పెద్దసారు గొంతు సవరించుకున్నాడు. ఏ తలుపూ ఆయనకు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది గోడ మీది ఫొటో.

"ముప్పాతికేనండి" అన్నాడు. "పాపం, కంగారు పడుతోంది."

గుమస్తా ఏదో రాసుకున్నాడు. చూపుడువేలి పక్కన కదులుతున్న ఆ బొటనవేలు ఆగిపోయింది.

బయట బస్సు కోసం ఇద్దరూ నిలబడ్డారు. ఆమె సంచిలోంచి సీసా తీసి, "నీళ్ళు తాగుతారా సార్?" అంది. ఆయన వద్దన్నాడు.

"అంత తేలిక ప్రశ్న దగ్గర తడబడ్డావేంటి?" అన్నాడు, ఊరుకోలేక.

ఆమె సీసా మూత బిగించి, ఆయన మొహంలోకి చూసింది. కోపం ఉంటే బాగుండేది. పోగొట్టుకున్న వస్తువు కోసం వెతుకుతున్నట్టు చూసింది.

"మీకు నిజంగానే గుర్తు లేదా సార్?"

ఆయన జవాబు చెప్పేలోపు బస్సు వచ్చింది. ఒకటే సీటు ఖాళీగా ఉంటే ఆయన్ని కూర్చోమని, తను కమ్మీ పట్టుకుని నిలబడింది.

*

"వచ్చిందా ఆవిడకి?" సాయంత్రం బట్టలు మడతపెడుతూ అడిగింది పెద్దసారు భార్య.

"అనుమానమే. సూత్రం దగ్గర తప్పు చెప్పింది."

"ఆవిడా? తప్పా?" మడత సగంలో ఆపింది. "మీకు దండ వేసిన రోజు ఆవిడ నా పక్కనే కూర్చుంది. అందరూ చప్పట్లు కొడుతుంటే ఆవిడ చేతులు కట్టుకుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది కూడా. తర్వాత తనలో తనే 'తలుపు సంగతి చెప్పలేదేంటి' అంది. ఏ తలుపో నాకేం తెలుసు, వెళ్ళేటప్పుడు వేసి వెళ్ళాలి కాబోలు అనుకున్నాను."

పెద్దసారు ఆ మాటకు నవ్వలేదు. కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాడు.

గురువారం ఎనిమిదిన్నరకే ఆఫీసు తాళం తీసి, పాత కాగితాల గదిలో దూరాడు. ముందు తీసింది గ్రంథాలయం రిపోర్టు. ఎప్పుడూ మొదటి పేజీ చూసి, చివరి పేజీలో సంతకం పెట్టడమే తప్ప మధ్యలో ఏముందో ఆయన తిప్పి ఎరగడు. ఇవాళ నిలబడే తిప్పాడు. అనుబంధంలో మూడో పేజీ. 'తలుపు మలుపులోకి తెరుచుకునే చోట ముప్పాతికకు బదులు ఐదింట మూడు వంతులుగా లెక్క తీసుకోవడమైనది.' కింద తన సంతకం, తన నంబరు.

బస్టాండు రిపోర్టు తీశాడు. అదే వాక్యం. ఆసుపత్రిది. అదే. ఒక్కోటీ తీసి నేల మీద పెడుతూ పోయాడు. మందిరం తర్వాత ఆరేళ్ళలో ఇరవై రెండు రిపోర్టులు. ఇరవై రెండిట్లోనూ ఆమె ఆయన సూత్రాన్ని చడీచప్పుడు లేకుండా సరిచేసింది. ఇరవై రెండుసార్లూ ఆయన దాని కింద సంతకం పెట్టాడు.

అట్టడుగున సభా మందిరం ఫైలు ఉంది. ఆమె రాసిన మొదటి ప్రతి. రెండు పట్టికలు: తలుపు లేని మలుపు, తలుపు ఉన్న మలుపు. రెండో పట్టిక మీద మూల నుంచి మూలకు ఎర్ర పెన్సిలు గీత. పక్కన 'చిన్న మినహాయింపు. తీసెయ్. ఒక్క వాక్యంలో ఇమడాలి.' ఆ చేతిరాత ఎవరిదని అడగాల్సిన పని లేదు. 'మ' కింద తోక అలా ఎడమకు లాగేది ఆయన ఒక్కడే.

ఆ గీత ఎంత నిబ్బరంగా గీశాడో! పెన్సిలు ఎక్కడా వణకలేదు. నేల మీద కాగితాల మధ్య కూలబడి, ఎవరూ చూడకపోయినా, చేత్తో మొహం కప్పుకున్నాడు.

"సార్, ఏమైనా పారేసుకున్నారా?" గుమ్మంలో గీతల బాబాయి.

"ఒక భవనంలో ఐదు వందల నలభైమంది ఉన్నారనుకో," అన్నాడు పెద్దసారు, తల ఎత్తకుండానే. "నిమిషానికి నలభై అయిదు చొప్పున దిగితే?"

"పన్నెండు నిమిషాలు."

"ముప్పై ఆరు చొప్పున?"

బాబాయి పెదాలతో గుణించుకున్నాడు. "పదిహేను." ఏదో జోకు వేయబోయి, ఆయన వాలకం చూసి మానేశాడు. "అక్కకి మండలి మనిషి ఉత్తరం తెచ్చిచ్చాడు సార్. నంబరు ఇవ్వలేదట."

లెక్కలక్క తన బల్ల దగ్గర గ్రంథాలయం రెయిలింగు కొలతలు ఎక్కిస్తోంది. ఉత్తరం విప్పి పక్కనే ఉంది, దాచుకోలేదు. పెద్దసారు వంగి చదివాడు. రెండు కారణాలు. ఒకటి, స్వతంత్రంగా చేసిన పని అని రుజువు లేదు. ధ్రువీకరించినవారే మార్గదర్శకత్వంలో చేసినట్టు రాశారు. రెండు, ప్రాథమిక సూత్రంపై సరైన అవగాహన లేదు.

రెండు కారణాలూ తనే. ఒకటి కలంతో, ఒకటి నోటితో.

"మీరు…" అన్నాడు. "మీరు నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"కొత్తగా ఈ 'మీరు' ఏంటి సార్? ఇంకా చిరాగ్గా ఉంటుంది. మామూలుగా మాట్లాడండి." ఆమె కళ్ళు కాగితం మీదే ఉన్నాయి. "చెప్పాను. ఆ ఎర్ర గీత గీసిన రోజే చెప్పాను, తలుపు తీసేస్తే లెక్క తప్పుతుందని. 'బాగుంది, టైపు చెయ్' అన్నారు. అచ్చయ్యాక మళ్ళీ చెప్పాను. అప్పుడు మీరు దండలో ఉన్నారు."

"ఆ పనిని దరఖాస్తులో పెట్టలేదు. నా కోసం అనుకున్నాను."

ఆమె అప్పుడు తలెత్తింది. "మీ కోసమా? తప్పున్న పని కింద నా పేరెలా పెట్టుకుంటాను సార్?"

పెద్దసారు ఎదుటి కుర్చీ పట్టుకున్నాడు, కూర్చోవడానికి ధైర్యం చాలక.

"మన రిపోర్టుల వరకు నేను చూసుకున్నాను" అంది ఆమె, గొంతు కాస్త తగ్గించి. "మిగతా ఆఫీసుల వాళ్ళు పుస్తకం చూసే లెక్క కడతారు. వాళ్ళ భవనాల్లోనూ తలుపులుంటాయి. మండలికి రెండుసార్లు ఉత్తరం రాశాను. 'మీ నమోదు సంఖ్య తెలుపగలరు' అని జవాబు వచ్చింది. నంబరు లేనివాళ్ళు సవరణ పంపకూడదట. అందుకని, సరే, ముందు ఆ నంబరే తెచ్చుకుందాం అనుకున్నాను." కలం పక్కన పెట్టి, నిజం చెప్పేయాలనుకుందో ఏమో, అంది: "నాకు కూడా కావాలనే ఉంది లెండి. లేదని ఎందుకు చెప్పాలి? మా ఆయన సంచి కుడుతూ నాలుగుసార్లు అడిగాడు, నంబరు వస్తే దీని మీద దారంతో కుట్టనా అని."

పెద్దసారు 'క్షమించు' అనబోయాడు. ఆ మాట అంటే తనకు తేలికవుతుంది, ఆమెకు కాదు. అది తోచి, నోరు మూసుకున్నాడు.

"ఆ మొదటి ప్రతి నేను తీసుకెళ్ళవచ్చా?" అని మాత్రం అడిగాడు.

"మీ పేరుతోనే ఉంది కదా సార్" అంది ఆమె, మళ్ళీ రెయిలింగు కొలతల్లోకి వంగుతూ.

*

శుక్రవారం ఉదయం అధ్యక్షురాలు ఆయన్ని చూసి లేచి కుర్చీ చూపించింది. పెద్దసారు కూర్చోకుండా ఫైలు బల్ల మీద విప్పి, ఎర్ర గీత ఉన్న పేజీ ఆమె వైపు తిప్పాడు. బస్సులో కూర్చుకున్న వాక్యాలన్నీ ఎటో పోయాయి. ముక్కలు ముక్కలుగా వచ్చింది మాట.

"ఇది నా పని కాదండి. ఆవిడది. మొత్తం. ఇందులో నేను చేసింది ఈ గీత ఒక్కటే. ఆ గీత తప్పు. మొన్న ఆవిడ చెప్పింది రైటు, నేను చెప్పింది తప్పు."

అధ్యక్షురాలు పేజీ చూసింది. ఇరవై రెండు రిపోర్టుల నుంచి తీసిన అనుబంధాలు ఒక్కోటీ చూసింది. ఆమె మొహంలో మర్యాద కొద్దికొద్దిగా తగ్గడం పెద్దసారుకు తెలుస్తూనే ఉంది.

"ఇవి చదవకుండానే సంతకం పెట్టారా?"

"అవునండి."

"ఇరవై రెండూ?"

"అవునండి."

"మొన్న ఇక్కడే, ఆవిడ మొహం మీదే…" ఆమె ఆపేసింది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మీ మాట విని నేనే ఆ ఉత్తరం మీద సంతకం పెట్టాను. నేను కూడా ఒకసారి తలుపు దగ్గర నిలబడి చూడొచ్చు కదా, చూడలేదు." తర్వాత గుమస్తాను పిలిచింది. మార్గదర్శిలో ఆ పేజీ వాడవద్దని అన్ని ఆఫీసులకూ ఈ పూటే కబురు వెళ్ళాలంది. లెక్కలక్కను మళ్ళీ పిలవాలంది, వేరే సభ్యుల ముందుకు. పెద్దసారు వైపు తిరిగి, "విచారణ అయ్యేదాకా మీరు దేని మీదా సంతకం చేయకూడదు. మీ ముద్ర ఇక్కడ పెట్టండి" అంది.

ఆయన జేబులోంచి తీసి పెట్టాడు. అలవాటుగా మూత బిగించి మరీ పెట్టాడు.

"సరే, కబురులో ఏ అంకె రాయమంటారు?" అంది అధ్యక్షురాలు. "వీటిలో ఐదింట మూడు అని ఉంది. తలుపు వెడల్పు ఎక్కువైనా అంతేనా? రెండు తలుపులుంటే?"

పెద్దసారు ఎర్ర గీత ఉన్న పేజీ అటూ ఇటూ తిప్పాడు. ముప్పై ఏళ్ళుగా గణితజ్ఞుడనిపించుకున్నవాడికి ఆ ప్రశ్నకు జవాబు ఎక్కడ మొదలవుతుందో కూడా తెలియలేదు.

"నాకు తెలియదండి" అన్నాడు. "ఆవిడకి తెలుస్తుంది."

ఫోను తీసి ఆఫీసు నంబరు కలిపాడు. గీతల బాబాయి ఎత్తి, "అక్కా, నీకే!" అని కేకేయడం వినిపించింది. పెద్దసారు ఫోను అధ్యక్షురాలి చేతికిచ్చాడు.

"నమస్కారమండి. మండలి నుంచి మాట్లాడుతున్నాను. మీ మందిరం పని నా ముందుంది… అవును, మీ పనే. తలుపు వెడల్పు గురించి అడగాలి. ఆగండి, ఆగండి, రాసుకోనివ్వండి." పెన్సిలు కోసం బల్ల మీద తడుముకుంటూ, ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి పెద్దసారు వైపు చూసింది. "మీరు కాస్త బయట కూర్చోండి. మీరు ఇక్కడుంటే ఆవిడ మొహమాటపడుతుంది."

ఆయన బయటికొచ్చి, ఇంటర్వ్యూలకు వచ్చినవాళ్ళు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. తలుపు సరిగ్గా పడలేదు. అధ్యక్షురాలు ఒక ప్రశ్న అడగడం వినిపించింది. తర్వాత ఆమె గొంతు చాలాసేపు వినపడలేదు. పెన్సిలు చప్పుడు ఒక్కటే వినపడుతూ ఉంది. కాగితం తిప్పిన చప్పుడు, మళ్ళీ పెన్సిలు. అవతల జవాబు ఇంకా అయినట్టు లేదు.